రెండో ఆధారం

జూలై 6

అంతర్జాతీయ సమాజానికి, సమస్త మహాసముద్రాలకు, వాటి మీద తిరిగే నౌకాదళాలకు, తుదకు ఈ పేజీకి — సవినయంగా క్షమాపణలు. గోదావరిఖనిలో పుట్టి, బ్యారేజీ నీళ్లను మించి పెద్ద నీళ్లు చూడని ఒక యువకుడు సముద్ర మార్గాల భద్రత మీద పరిశోధన తలకెత్తుకున్నాడు. ఘోరమే. దీనివల్ల ఏ జలసంధి మనసైనా నొచ్చుకుంటే పూర్తి బాధ్యత నాది. రాజీనామా మాత్రం చెయ్యను.

నేటి విశేషాలు. యూనివర్సిటీ ఆన్‌లైన్ లైబ్రరీ నా పాస్‌వర్డును గుర్తుపట్టనంటోంది. గడువు పొడిగించే కాగితం హైదరాబాదులో గైడు గారి టేబుల్ మీద విశ్రాంతి తీసుకుంటోంది. అంతవరకు ప్రపంచ జ్ఞానమంతా నాకు మొదటి పేజీ వరకే. వ్యాసం పేరు చూపిస్తారు, సారాంశం చదవనిస్తారు, అసలు సంగతి దగ్గర తాళం. పెళ్లి భోజనాల వాసన చూపించి ఇంటికి పంపినట్టు.

ఊళ్లో శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. హాలు నిండా పోటీ పరీక్షల జనం. సముద్రం మీద ఏమైనా ఉందా అని అడిగితే అక్కడి ఆయన చాలాసేపు వెతికి, దుమ్ము దులిపి, చేపల పెంపకం పుస్తకం చేతిలో పెట్టాడు. "గిందుల నీళ్లున్నయి తీస్కపో." కాదనలేక తెచ్చుకున్నాను. రొయ్యల భద్రత మీద ఇప్పుడు ఏ వేదిక మీదైనా మాట్లాడగలను.

సాయంత్రం బావ ఫోన్, ఏదో రేవు నుంచి. అక్క మాట్లాడి మాట్లాడి చివరికి నాకిచ్చింది.

"ఏం బామ్మర్దీ, నా సముద్రం మంచిగున్నదా?"

బాగానే కాపాడుతున్నాను బావా అన్నాను.

"నువ్వు రాసేది నీళ్ల మీది సంగతి. నేనుండేది నీళ్ల కింద. ఇంజన్ రూమంటే ఏందిరా, మన బొగ్గు బాయే. గదే చీకటి, గదే ఉడుకు, గదే చప్పుడు. మీ బాపు చేసిన కొలువు తప్పిచ్చుకుందామని ఓడెక్కితే మళ్ల గందులనే పడ్డ." మళ్లీ తనే గొప్పలు. "గీ ఓడ మొత్తానికి ఒక్కడే ఫిట్టర్. ఏ నట్టు లూజైనా నా పేరే పిలుస్తరు, ఎరుకనా."

బావ ఓడెక్కినప్పుడల్లా అక్క ఇక్కడే, బాపు దగ్గర. పొద్దంతా స్కూల్లో పిల్లలకు పాఠాలు, సాయంత్రం నాకు.

జూలై 9

బావ మెసేజ్. రేపు జలసంధిలోకి వెళ్తున్నారట... కొన్ని రోజులు ఫోన్ కలవదట. "మీ అక్కకు నువ్వే చెప్పు, నీ పుస్తకాల భాషల."

ఫుట్‌నోట్లతో చెప్పనా బావా?

"ఆ. పైన పెద్దక్షరాలల్ల ఏం కాదు అని రాయి. కింద చిన్నక్షరాలల్ల జర భయమైతున్నదని రాయి."

అక్కకు పెద్దక్షరాలే చదివి వినిపించాను.

జూలై 12

మెసేజ్ లేదు. అక్క — "సముద్రంల టవర్లుంటయారా?" ఉండవని నిపుణుడి హోదాలో ధ్రువీకరించాను. నమ్మింది. నేనూ నమ్మాను.

జూలై 14

టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు. జలసంధిలో సరుకుల ఓడ మీద దాడి. సిబ్బందిని మరో ఓడ కాపాడింది. ఓడ పేరు లేదు. వాక్యం ఒకసారి వెళ్లింది. మళ్లీ వచ్చింది. అక్క చేతిలో సగం ఒలిచిన ఎల్లిగడ్డ.

"తమ్మీ, నువ్వు చదివేది గిదే కదరా."

గిదే అక్కా.

"అయితే చూడు మరి."

నాలుగేళ్లుగా నా పరిశోధన గురించి ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎప్పుడైపోతుంది అని తప్ప. ఇవాళ మొదటి పాఠకురాలు దొరికింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాను, వెనక నిలబడింది. చేతి ఎల్లిగడ్డ వాసన నా భుజం మీద.

బావ ఓడ పేరు కొడితే ఏమీ రాలేదు. ఆ పేరుతో అసలు ఓడే లేదంటోంది ప్రపంచం. బావను ఓడెక్కించిన ముంబై ఏజెంటుకు ఫోన్ చేస్తే — తెలిస్తే మేమే చేస్తాం. విదేశాంగ హెల్ప్‌లైన్‌లో ఒకావిడ మర్యాదగా అన్నీ రాసుకుంది. అక్షరం అక్షరం చెప్పించుకుంది.

జూలై 15

ఓడల గురించి నేను చదివిన వంద పేజీల్లో పనికొచ్చినది ఒక్క ముక్క. ఓడను అమ్మితే పేరు మారుతుంది, జెండా మారుతుంది. దానికిచ్చిన నంబరు మాత్రం తుక్కుకు వేసేదాకా మారదు. ఆ నంబరు ఇంజన్ గది గోడ మీద కూడా ఉండాలి.

బావ పంపిన ఫోటోలన్నీ తిరగేశాం. నారింజ రంగు డ్రెస్సు, మొహం నిండా గ్రీజు, రెండు వేళ్లు పైకి. ఒక దాంట్లో భుజం పక్కన గోడ మీద అంకెలు. అక్క వేళ్లతో పెద్దది చేసింది. అంకెలకంటే ముందు మొహం పెద్దదైంది. కాసేపు అట్లాగే పట్టుకుంది. నేను తొందరపెట్టలేదు.

నంబరు కొట్టాను. ఓడ వచ్చింది... వేరే పేరుతో. ఆ పేరే పొద్దున్నుంచి వార్తల్లో ఉంది.

అక్క లోపలికి వెళ్లింది. బియ్యం కడుగుతున్న చప్పుడు.

జూలై 16

ఓడలు ఎక్కడున్నాయో చూపించే సైటులో బావ ఓడ ఒక చుక్క. జలసంధి నోట్లో ఆగి ఉంది. చుక్క పక్కన — చివరి సంకేతం అందిన చోటు. తర్వాత ఏమీ లేదు.

బాపుకు చూపించాను. రిటైరై ఇన్నేళ్లయినా ఆయన లెక్క ఇంకా బాయి లెక్కే. చుక్కను చూసి చూసి అడిగారు. "ఆ ఓడకు లాంప్ రూం లేదారా?"

ఏం లాంప్ రూం బాపూ?

"దిగెటోడు దీపం తీస్కపోతడు, ఎక్కినంక వాపస్ ఇస్తడు. ఎవని దీపం రాలేదంటే వాడు లోపల్నే ఉన్నట్టు. గంతే. అక్కడెవడు చూస్తడు, ఎవరి దీపం వచ్చింది ఎవరిది రాలేదని?"

చూస్తారు బాపూ, చాలా సంస్థలున్నాయి అన్నాను. పేర్లు చెప్పబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్. కిటికీలు దడదడ. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు. ఇవాళ అక్క ఉలిక్కిపడింది.

జూలై 17

సిబ్బందిని కాపాడారు కదా, మరి ఫోనెందుకు రాదు? అక్క దగ్గర జవాబు ఉంది. "ఫోన్ తడిసి ఉంటది. నంబర్లు నోటికి ఎవలకొస్తయి ఇప్పుడు. నాకే ఆయన నంబరు రాదు."

కూర్చొని బావ నంబరు బట్టీ పట్టింది. స్కూలు పిల్లలకు ఎక్కాలు నేర్పే రాగంలోనే.

జూలై 18

గైడు గారికి ఫోన్ చేశాను. బావ సంగతి చెప్పలేదు. ఒక సంఘటన గురించి చాలా సైట్లు రాశాయి సార్, ఏది నమ్మాలి అని మాత్రం అడిగాను.

"అన్నీ పక్కపక్కన పెట్టుకుని చదువు. వాక్యాలు ఒకేలా ఉంటే అదంతా ఒక్కటే ఆధారం. పది బిందెలు కనిపిస్తాయి, నల్లా ఒక్కటే. ఒకరికొకరు సంబంధం లేని రెండు ఆధారాలు దొరికేదాకా ఒక్క వాక్యం కూడా రాయకు."

రాయను సార్ అన్నాను. ఇంత భక్తిగా ఆయన మాట ఎప్పుడూ వినలేదు.

పక్కపక్కన పెట్టి చదివాను. అన్నీ ఒక్క నల్లా నీళ్లే. కామా దగ్గర కామా. ఒకరు మాత్రం సముద్రం పేరు తప్పు రాశారు. స్వతంత్ర ఆలోచన అంటే అదొక్కటే.

జూలై 20

నౌకలకు హెచ్చరికలు జారీ చేసే కార్యాలయం నోటీసు దొరికింది. పత్రికలన్నీ దీన్నే ముంచుకున్నాయి, అడుగున ఒక్క వాక్యం వదిలేసి. ఇంజన్ గదిలోకి నీళ్లు. సిబ్బందిలో ఒకరి జాడ తెలియలేదు.

ఒకరు.

బావ చెప్పే కబుర్లలోని మనుషులందరినీ గుర్తు చేసుకున్నాను. చీఫ్ ఇంజనీరు. గురక పెట్టే ఆయిలర్. మామిడికాయ పచ్చడి తిని ఏడ్చిన ఫిలిప్పీన్స్ ఆయన. ఆ వాక్యాన్ని ఒక్కొక్కరి మీదికి తోసి చూశాను. ఆ ఫిలిప్పీన్స్ ఆయనే అయి ఉండాలని గట్టిగా అనుకున్నాను... ఆయనకూ ఎక్కడో నంబరు బట్టీ పడుతున్న మనిషి ఉంటుంది కదా.

అక్క స్కూలు నుంచి వచ్చి చెప్పులు కూడా విడవలేదు. "ఏమన్న దొరికిందా?"

దొరికింది గాని ఒక్కటే ఆధారం అక్కా. చెల్లదు.

"చెల్లకుంటే మంచిదే కదరా" అంది. చెప్పులు విడిచింది.

జూలై 21

ఇవాళ జరిగింది రాయాలంటే ఈ బస్తీ పద్ధతి ఒకటి రాయాలి. ఇక్కడ పుట్టినవాళ్లెవరూ రాసుకోరు.

బాయిలో ప్రమాదం జరిగితే ఆఫీసు మనిషి ఇంటికి వచ్చేలోపే పక్కింటి అన్నం వస్తుంది. ఎవరూ పేరు చెప్పరు. క్యారియర్ తెచ్చి గడప దగ్గర పెడతారు. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదని పక్కవాళ్లకు ముందే తెలుసన్నమాట. చిన్నప్పుడు అమ్మ అట్లా క్యారియర్ పట్టుకుపోతుంటే కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. అవతలావిడ జడ వేసుకుంటోంది. క్యారియర్ వైపు చూసింది. జడ సగంలో వదిలేసింది. అమ్మ క్యారియర్ గడప దగ్గర పెట్టింది. అమ్మ పోయాక కూడా నాకు ఆ సగం జడే గుర్తు.

ఇవాళ పొద్దున మా పక్కింటి పోశక్క పెద్దమ్మ గేటు తీసుకుని వచ్చింది. చేతిలో క్యారియర్. వాకిట్లో అక్క బట్టలు ఆరేస్తోంది.

అక్క అరవలేదు. చేతిలోని తడి చీరను మడిచి, తీగ మీద పెట్టి, గడప మీద కూర్చుంది. నెమ్మదిగా, బస్సులో సీటు దొరికితే కూర్చున్నట్టు. "ఎవలు చెప్పిన్రు పెద్దమ్మా" అంది.

పెద్దమ్మకు అప్పుడు వెలిగింది. "అయ్యో నా నోరు మండ, గది కాదే బిడ్డా... మనుమనికి పుట్టెంట్రుకలు తీసినం, బగారన్నం, యాటకూర... నాకు సోయి లేకపాయె..." క్యారియర్ కింద పెట్టడానికి భయం, పట్టుకోవడానికి భయం. ఇద్దరూ గడప మీద కూర్చుని ఏడ్చారు. బాపు లోపల్నుంచి వచ్చి చూసి మళ్లీ లోపలికి వెళ్లారు.

వెళ్తూ పెద్దమ్మ క్యారియర్ వెనక్కి తీసుకుపోయింది. "మీ ఆయన తిరిగొచ్చేదాక మీ గడపకు గిన్నె తేను. నా మీద ఒట్టు."

నేను చూస్తూ నిలబడ్డాను. బగారన్నం వాసన చాలాసేపు ఉంది. ఎంత మంచి వాసనో.

జూలై 22

ఏమీ లేదు. ఏజెంటు — కాపాడినవాళ్ల లిస్టు రాలేదు. చుక్క అక్కడే.

జూలై 24

యూనివర్సిటీ లైబ్రరీ రెఫరెన్స్ విభాగం మేడంకు ఫోన్. పుస్తకాల బీరువాల మధ్య పల్లీలు తింటూ దొరికిపోయినందుకు ఒకప్పుడు నన్ను బయటికి పంపిన మనిషి. పేరు చెప్పగానే "పల్లీలా?" అంది.

అవును మేడం. నా పాస్‌వర్డు —

"పాస్‌వర్డు సంగతి తర్వాత. ఏం కావాలో చెప్పు."

ఓడ నంబరు చెప్పాను. నోటీసు సంగతి చెప్పాను. రెండో ఆధారం కావాలన్నాను. ఆవిడ రాసుకుంటోంది, తెలుస్తోంది.

"థీసిస్ కోసమేనా బాబూ?"

అవును మేడం. మూడో అధ్యాయం.

పెన్ను మూత పెట్టిన చప్పుడు. తర్వాత మామూలు గొంతుతోనే — ఓడ మీద ఏ దేశం జెండా ఉంటే ఆ దేశమే విచారణ చేస్తుందని, వాళ్ల సముద్ర రవాణా శాఖ ప్రాథమిక నివేదిక పెడుతుందని, అది వాళ్ల భాషలో ఉంటుంది గనక నా వెతుకులాటకు తగలలేదని. "వాళ్ల లైబ్రరీకి రాసి తెప్పిస్తాను. నువ్వు అన్నం తింటున్నావా?"

లైబ్రరీలో తినకూడదన్నది ఈవిడే.

జూలై 26

మేడం మెయిల్. పైన ఒకే వాక్యం. కూర్చొని తెరువు, నేను ఫోన్ దగ్గరే ఉంటాను.

కూర్చొనే ఉన్నాను. లేచి, తలుపు వేసి, మళ్లీ కూర్చున్నాను.

ఒక పేజీ. అడుగున మేడం ఎవరి చేతనో చేయించిన అనువాదం. నోటీసులో లేని సంగతులు — వాళ్లు రేవులో దిగిన సిబ్బందితో మాట్లాడి రాసుకున్నవి. నీళ్లు వచ్చాక వాల్వు మూయడానికి ఒకరు వెనక్కి దిగారు. మిగతావాళ్లు పైకి రాగలిగారు. దిగినవారు రాలేదు. మరణించినట్టు భావిస్తున్నారు. పేరు రాయలేదు, కుటుంబానికి తెలిపేదాకా రాయరట. హోదా రాశారు.

ఫిట్టర్. భారతీయుడు.

ఈ ఓడ మొత్తానికి ఒక్కడే... ఎరుకనా బామ్మర్దీ, ఒక్కడే.

సార్, ఒకరికొకరు సంబంధం లేని రెండు ఆధారాలు. ఇప్పుడు రాయొచ్చా?

జూలై 26, తర్వాత

మేడంకు ఫోన్ చేశాను. అటు వైపు ఎవరో పుస్తకాల బండి తోసుకుపోతున్న చప్పుడు. "ఉన్నాను బాబూ" అంది. అంతే.

జూలై 27

ఏజెంటు — ఓనర్ల దగ్గర్నుంచి మెయిల్ రావాలి, రేపో ఎల్లుండో. రేపో ఎల్లుండో ఎవరో తెలియని మనిషి ముంబై నుంచి హిందీలో అక్కకు చెబుతాడు. అక్క తరగతిలో ఉన్నప్పుడు చెబుతాడేమో... చేతిలో చాక్‌పీసు ఉన్నప్పుడు.

నేనే చెప్పాలి. అద్దం ముందు చెప్పి చూశాను. అక్కా, ఒక ప్రాథమిక ఆధారం ప్రకారం. అక్కా, లభ్యమైన సమాచారాన్ని బట్టి. ఇంతకాలం చదివిన చదువులో ఈ ఒక్క వాక్యానికి మాటల్లేవు.

బాపు వాకిట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన కూర్చున్నాను. బాపూ, బాయిలో ఏమన్నా అయినప్పుడు మీరు ఇంటివాళ్లకు ఎట్లా చెప్పేవాళ్లు?

నా మొహం చూశారు. చాలాసేపు చూశారు. నేను కాగితం చూపించలేదు, ఆయన అడగలేదు.

"మేము చెప్పకపోయేటోళ్లం. చెప్పిన మాట పోదురా, ఆమె బతికున్నన్ని దినాలు యాదుంటది. చెప్పినోని మొఖం గూడ యాదుంటది. ఇగ వాడు ఆ గల్లీల నడవలేడు." తువ్వాలు భుజం మీద నుంచి తీసి, మడిచి, మళ్లీ వేసుకున్నారు. "అందుకే అన్నం పంపుతుంటిమి. అన్నానికి మొఖం ఉండదు."

లేవడానికి నా వైపు చెయ్యి చాపారు. లేపాను. చెయ్యి వదల్లేదు.

లోపల అక్క — "తమ్మీ, టమాటలు తెచ్చినవా?"

మర్చిపోయాను అక్కా.

"సముద్రాలు యాదుంటయి. టమాటలు యాదుండయి." నవ్వింది. రెండు వారాల తర్వాత.

జూలై 28, ఆదివారం

వాన వెలిసింది. స్కూలు లేదు. అక్క తలస్నానం చేసి వాకిట్లో జుట్టు ఆరబెట్టుకుంటోంది. బాపు టీ ముందు పెట్టుకుని తాగడం లేదు. నేను కిటికీ దగ్గర, థీసిస్ రాస్తున్నట్టు, ఇది రాస్తున్నాను.

అక్క గోడ అవతలికి తల తిప్పింది. "తమ్మీ, పెద్దమ్మోళ్లింట్ల ఇయ్యాల గింత జల్ది పొయ్యి ముట్టిచ్చిన్రు. ఎవలొస్తున్నరురా?"

తెలియదక్కా అన్నాను.

మొదటి పేజీలో సముద్రాలను క్షమాపణ అడిగాను. వాటి జోలికి నేను పోనేలేదు, వాటికేమీ చెప్పుకోనక్కర్లేదు. ఇన్ని రోజులు వెతికింది నంబర్లు, నోటీసులు, అనువాదాలు... వెతకడమే, చెయ్యడం కాదు. నేను చేసింది ఒక్కటి. ఇవాళ పొద్దున అక్క లేవకముందు పక్కింటి వాకిట్లోకి వెళ్లాను. పెద్దమ్మ ఊడుస్తోంది. "పెద్దమ్మా, నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఇయ్యాల మా ఇంటికి నువ్వు వండు" అన్నాను. ఎందుకు బిడ్డా అని అడగలేదు. చీపురు గోడకు ఆనించింది. కుండ దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది.

అక్క జడ వేసుకోవడం మొదలుపెట్టింది.